సన్నతీగల మెరుపు

ఎడ్విన్ గిటార్లు మార్చడం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఆ మూడేళ్లలో వాళ్లింట్లో ఊగిపోతున్న సీలింగ్ ఫ్యాను మారలేదు, బీరువాకి విరిగిన గొళ్లెం మారలేదు. హాల్లో గోడకి ఆనించి ఉండే గిటారు మాత్రం అయిదుసార్లు మారింది. ఆంప్లిఫయర్ మూడుసార్లు మారింది.

ఆరో గిటారు ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. అతని భార్య పెర్సిస్ తను పనిచేసే స్కూలు నుంచి వచ్చేసరికి అతను సోఫా మీద అట్టపెట్టె విప్పుకుని కూర్చున్నాడు.

"మళ్లీనా అండీ?"

"పాతది ఇచ్చేసి తెచ్చుకున్నాను. దీని మెడ మేపుల్ చెక్క. మేపుల్ అయితే సన్నతీగలు గలగలమంటాయి. ఒక్క నిమిషం కూర్చో, విను."

ఆంప్లిఫయర్‌కి వైరు గుచ్చి, సన్నశబ్దాలు పెంచే ట్రెబుల్ నాబ్ చివరికంటా తిప్పి, తీగలన్నీ కలిపి మీటుతూ నాలుగు కార్డులు మోగించాడు. పెర్సిస్ గుమ్మం దగ్గరే నిలబడి వింది. తర్వాత, "మేడ మీద బట్టలు తీసుకొస్తాను" అని వెళ్లిపోయింది. ఆ బట్టలు ఆమె పొద్దున్న స్కూలుకి వెళ్లేముందు ఆరేసినవే గాని, అతను గిటారు పట్టుకున్నప్పుడల్లా ఆమెకి మేడ మీద ఏదో ఒక పని గుర్తుకొచ్చేది.

ఎడ్విన్‌కి నలభై ఆరేళ్లు. చేపల చెరువుల్లో నీటిని చిలికే ఏరేటర్లు, వాటిని తిప్పే డీజిల్ జనరేటర్లు బాగుచెయ్యడం అతని పని. ఏలూరులో ఉంటాడే గాని వారంలో అయిదు రోజులు ఆకివీడు, ఉండి ఊళ్లల్లో, కొల్లేటి గట్ల మీదే తిరుగుతాడు. గిటారు పదిహేనేళ్ల వయసులో చర్చిలో నేర్చుకున్నాడు. అప్పటి నుంచీ ఒక శబ్దం అతని బుర్రలో ఉండిపోయింది. వేళ్ల మధ్య పట్టుకున్న పిక్ సన్నతీగను తాకగానే, స్వరం లేవబోయే ముందు, చిన్న చిటుకు. ఎండలో గాజుముక్క ఒక్కసారి తళుక్కుమన్నట్టు.

ఆ తళుకు కోసమే ఈ మార్చడాలన్నీ. ఫోనులో సమీక్షలు చూసేవాడు. తీగల కింద ఫలానా పికప్ ఉంటే మెరుస్తుందని ఒకరు, తప్పు స్పీకరుదని ఇంకొకరు చెప్పేవారు. కొత్త గిటారు కొత్త తీగలతో వచ్చిన వారం బాగానే ఉండేది. తర్వాత ఎవరో దాని మీద దుప్పటి కప్పినట్టయ్యేది. పదిహేను రోజులకోసారి తీగలు మార్చేవాడు. అయినా దుప్పటి పోయేది కాదు. వాయించడం కంటే నాబులు తిప్పడమే ఎక్కువైంది. ఒక పాట సగంలో ఆపి, లేచి, ఆంప్లిఫయర్‌ను ఆ మూల నుంచి ఈ మూలకి జరిపి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచేవాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక చర్చిలో పాటలు నడిపించే కృపానందం గారు అతని పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఏమీ అనుకోకండి బ్రదర్. గిటారు కొంచెం తగ్గిస్తే బావుంటుందేమో."

"సౌండు తక్కువే పెట్టానండి."

"సౌండు కాదండి, అది... సూది గుచ్చినట్టు ఉంటోందండి. ముందు వరసలో ఆడవాళ్లు వెనక్కి వెళ్లి కూర్చుంటున్నారు."

ఎడ్విన్‌కి చిర్రెత్తుకొచ్చింది. తనకేమో దుప్పటి కప్పినట్టుంది, ఈయనకేమో సూది గుచ్చినట్టుందట. ఈయన చెవులు హార్మోనియానికి అలవాటు పడ్డాయి అనుకున్నాడు. ఇంటికొచ్చి తప్పు ఆంప్లిఫయర్‌ది అని తేల్చుకున్నాడు. డిజిటల్ పెట్టెలో అసలు మెరుపు ఎక్కడినుంచి వస్తుంది? పాతకాలం గాజు ట్యూబులది కావాలి.

ఆ వారంలోనే వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన కనిపించింది. తాడేపల్లిగూడెంలో పాండురంగారావు గారని, ఒకప్పుడు పెళ్లిళ్లకీ పందిళ్లకీ ఆర్కెస్ట్రా నడిపిన పెద్దాయన, పాత ట్యూబ్ ఆంప్లిఫయర్ అమ్ముతున్నారు. శనివారం ఎడ్విన్ సర్వీసు వ్యాను తీశాడు. పెర్సిస్ కూడా ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"ఈసారి ఏం వస్తోందో ఇంటికి రాకముందే చూద్దామని" అందామె.

ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో ఇల్లు. పాండురంగారావు గారికి డెబ్బై దాటాయి. ఆంప్లిఫయర్ మీద కప్పిన తువ్వాలు తీసి, మడిచి, పక్కన పెట్టి స్విచ్ వేశారు.

"వేడెక్కనివ్వాలండి. తొందరపెడితే పలకదు."

వెనక ట్యూబులు సన్నగా ఎర్రబడ్డాయి. ఎడ్విన్ గిటారు తగిలించి వాయించాడు. అడుగుతీగల గుండ్రదనం ఒళ్లో కూర్చున్నట్టుంది. పైతీగలకి మాత్రం మళ్లీ ఆ దుప్పటే. చెయ్యి చాచి ట్రెబుల్ పెంచాడు.

పెర్సిస్ చటుక్కున రెండు చెవులూ మూసుకుంది.

"అదేనండి చెప్పాల్సింది" అన్నారు పాండురంగారావు గారు. "ట్రెబుల్ పెంచితే ఈల వేస్తోంది. ఒక ట్యూబు ముసలిదైపోయిందండి. దాచి అమ్మడం నాకిష్టం ఉండదు, మార్చే ఇస్తాను."

ఎడ్విన్ తీగల మీద చెయ్యి ఆనించాడు. "ఏ ఈలండి?"

"ఇప్పుడు వేస్తోందిగా."

"ఇప్పుడా?"

పెర్సిస్ అతని మొహంలోకి చూసింది. వేళాకోళం చేస్తున్నాడేమో అనుకుంది. పాండురంగారావు గారు నాబ్ తగ్గించారు, పెంచారు. "ఇప్పుడు?" అన్నారు. ఎడ్విన్ నవ్వబోయి ఆగిపోయాడు.

"బాబూ, ఒకసారి అటు గోడవైపు తిరిగి కూర్చోండి. ఈల వినపడినప్పుడల్లా చెయ్యెత్తండి."

ఎడ్విన్ తిరిగి కూర్చున్నాడు. పెద్దాయన ఆరుసార్లు నాబ్ పెంచారు, ఆరుసార్లు తగ్గించారు. ఎడ్విన్ రెండుసార్లు చెయ్యెత్తాడు. ఆ రెండుసార్లూ గది నిశ్శబ్దంగానే ఉంది.

పాండురంగారావు గారు స్విచ్ ఆపేసి, "కాఫీ తీసుకుంటారా అండీ" అన్నారు.

తిరుగుదారిలో భీమడోలు దాటారు. గుండుగొలను దగ్గర ఎడ్విన్ వ్యాను పక్కకి తీసి టీ కొట్టు ముందు ఆపాడు. దిగలేదు.

"ఆ ఇండికేటర్ ఆపలేదండీ" అంది పెర్సిస్. "టిక్కుటిక్కుమంటోంది."

అతను దాని వంక చూశాడు. పచ్చలైటు వెలిగి ఆరుతోంది. అంతే.

"ఇంకా ఏం వినపడుతున్నాయి నీకు?"

ఆమె కాసేపు చెవి పెట్టింది. "కొట్లో గ్లాసులో చెంచా. వైర్ల మీద పిచుకలు. మీ జేబులో తాళాలు." తర్వాత మెల్లగా అంది. "మూడు విజిల్స్‌కి కుక్కరు కట్టెయ్యండి అని చెప్పి స్నానానికి వెళ్లేదాన్ని. వచ్చేసరికి ఆరేడు అయ్యేవి. మీకు బద్ధకం అనుకున్నానండి."

"నా గిటారు సంగతి చెప్పు. ఎలా ఉంటుంది?"

"ఇప్పుడెందుకులెండి."

"పెర్సిస్, చెప్పు."

"పలక మీద మేకు గీసినట్టుంటుంది."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అంత ఇష్టంగా వాయించుకుంటుంటే ఎలా చెప్పనండీ?"

అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వ్యాను తీసి, ఏలూరు దాకా ఇండికేటర్ వేస్తూ, ఆపుతూ, వేస్తూ నడిపాడు.

రెండు వారాలు అతను గిటారు ముట్టుకోలేదు. ఆ ట్యూబులో తిరకాసు ఏదో ఉండి ఉంటుందని ఒక రోజు అనుకునేవాడు. మర్నాడు తాళాలు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేవాడు. గలగల కాకుండా ఏదో మొద్దు చప్పుడు వినపడేది. రాత్రి భోజనం దగ్గర చెంచా పళ్లేనికి కొట్టి, పెర్సిస్ చూస్తోందని ఆపేసేవాడు.

తర్వాత ఉండి దగ్గర బాపిరాజు గారి చెరువు నుంచి ఫోను వచ్చింది. చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో జనరేటర్. ఇరవై నాలుగేళ్లుగా ఎడ్విన్ అలాంటి షెడ్లలోనే, నడుస్తున్న ఇంజనుకి చెవి ఆనించి, రోగం చెప్పేవాడు. అదే అతని పేరు. విప్పకుండానే చెబుతాడని పేరు.

"పొద్దుట్నుంచీ కీచుమంటోందండీ ఎడ్విన్ గారూ" అన్నాడు బాపిరాజు, మోతలో గొంతు పెంచి. "గట్టు అవతలికి వినపడుతోంది."

ఎడ్విన్ వంగి చెవి పెట్టాడు. ఇంజను దడదడ మామూలుగానే ఉంది. కీచు లేదు. ఇంకా దగ్గరికి వంగాడు. బాపిరాజు చూస్తున్నాడు. ఎడ్విన్ స్క్రూడ్రైవర్ తీసి, దాని మొనను బేరింగు ఉన్న చోట ఆనించి, పిడి మీద అరచెయ్యి పెట్టాడు. చేతిలోకి సన్నటి వణుకు ఎక్కింది.

"బేరింగేనండి. మారుస్తాను" అన్నాడు.

బేరింగు మార్చి గట్టు మీదకొచ్చి చేతులు తుడుచుకున్నాడు. గిటారు పోతే పోయింది. ఇదీ పోతే? అక్కడి నుంచే పెర్సిస్‌కి ఫోను చేసి, "చెవులు చూసేవాళ్లెవరో కనుక్కో" అన్నాడు.

ఏలూరు రామచంద్రరావుపేటలో చిన్న క్లినిక్. పరీక్ష చేసిన అమ్మాయి పేరు షారోన్. అతన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. చాలాసేపు ఏమీ వినపడలేదు. అద్దం అవతల ఆమె చెయ్యి మాత్రం కదులుతూనే ఉంది. అతను మధ్యమధ్యలో ఊహించి నొక్కుదామనుకుని, తాడేపల్లిగూడెంలో గోడవైపు తిరిగి చెయ్యెత్తడం గుర్తొచ్చి, మానేశాడు.

బయటికొచ్చాక ఆమె కాగితం చూపించింది. గీత కొంతదూరం గట్టులా సమంగా వచ్చి, ఒక్కసారి చెరువులోకి దిగినట్టు జారిపోయింది.

"ఇక్కడిదాకా మామూలుగానే ఉంది సార్. మాటలు వినపడేది ఎక్కువగా దీంతోనే, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. కీచు, గలగల లాంటి పైశబ్దాలు బాగా తగ్గిపోయాయి. మోతలో పనిచేసేవాళ్లకి ఇలాగే పోతాయి."

"తిరిగి వస్తాయామ్మా?"

"పోయినవి రావు సార్. ఉన్నవి కాపాడుకోవచ్చు. షెడ్డులో చెవులు మూసుకుని పనిచెయ్యాలి. చెవి మెషీన్లు పెట్టుకుంటే చాలావరకు అందుతాయి."

"నేను గిటారు వాయిస్తానమ్మా."

ఆమె కాగితం మడిచి అతనికిచ్చింది. "పెట్టుకుని చూడండి. అది మాత్రం నేను మాటివ్వలేను సార్."

వాడి చూడమని ఆమె ఇచ్చిన ట్రయల్ మెషీన్లు రెండూ చెవుల వెనక పెట్టుకుని బయటికి రాగానే అతనికి వీధంతా రేకు డబ్బాలా వినపడింది. ఆటో బ్రేకులు పళ్లు జిల్లుమనిపించాయి. సొంత చొక్కా గరగరలాడుతుంటే మాటిమాటికీ భుజం తడుముకున్నాడు. ఇంటికెళ్లి చెప్పులతోనే గిటారు తగిలించి, ఎప్పటిలాగే ట్రెబుల్ చివరికంటా పెట్టి, ఒక్క కార్డు మోగించాడు.

చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు.

మూడేళ్లు. ప్రతి ఆదివారం. ముందు వరసలోంచి లేచి వెనక్కి వెళ్లిన ఆడవాళ్లు, మేడ మీద బట్టలు, కృపానందం గారి నసుగుడు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నాబ్ సగానికి తిప్పాడు. ఇంకా తగ్గించాడు. శబ్దం మెత్తబడింది, గుచ్చడం మానేసింది. కాని అతను వెతుకుతున్న తళుకు మాత్రం అందులోనూ లేదు. మెషీన్లు తీసేస్తే ఉన్ని దుప్పటి. పెడితే రేకు. తీశాడు, పెట్టాడు, తీశాడు. ఆ సాయంత్రం పెర్సిస్ వచ్చేసరికి అతను గిటారు ఒళ్లో పెట్టుకుని మెషీన్లు రెండూ అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"రెండూ కాదు" అన్నాడు.

ఆమె అతని పక్కన కూర్చుంది. ఆ రోజు మేడ మీదికి వెళ్లలేదు.

కృపానందం గారి ఇంటికి అతను మర్నాడే వెళ్లి సంగతి చెప్పాడు. ఆయన చాలాసేపు అతని చెయ్యి వదల్లేదు. కొన్నాళ్లు వాయించనండి అన్నాడు ఎడ్విన్. "మానెయ్యకండి" అన్నారాయన, అంతే.

నెల తర్వాత పాండురంగారావు గారు ఫోను చేశారు. "ట్యూబు మార్చానండి. కొనక్కర్లేదు. వచ్చి వాయించి వెళ్లండి."

ఎడ్విన్ వెళ్లాలా వద్దా అని వారమంతా తేల్చుకోలేకపోయాడు. కడకు శనివారం ఇద్దరూ బయల్దేరారు. ఈసారి అతను ఆంప్లిఫయర్ ముందు కూర్చుని, మెషీన్లతో ఒకసారి, లేకుండా ఒకసారి వాయించి, తల అడ్డంగా ఊపాడు.

"ఎలా ఎంచుకోమంటారండీ నన్ను? నా చెవుల్ని నేను నమ్మలేను."

పెద్దాయన నవ్వారు. "ముప్పయ్యేళ్లు ఆర్కెస్ట్రా పార్టీ నడిపానండి. స్టేజీ మీదున్నవాడికి తన మోత తనకెప్పుడూ సరిగ్గా వినపడదు. ఎవర్నో ఒకర్ని కింద కూర్చోబెట్టి అడగాల్సిందే. నమ్మకమైనవాళ్లయితే చాలు."

ఎడ్విన్ పెర్సిస్ వైపు చూశాడు.

"నాకేం తెలుసండీ సంగీతం?"

"సంగీతం అడగట్లేదు. ఎలా ఉందో చెప్పు."

అతను మెషీన్లు తీసి జేబులో వేసుకున్నాడు. ఎడమ మోకాలు ఆంప్లిఫయర్ పెట్టెకి ఆనించి కూర్చున్నాడు. అడుగుతీగ మోగినప్పుడు చెక్క మోకాల్లోకి పలికింది. ఒక పాత ఆరాధన పాట ఎత్తుకున్నాడు. ట్రెబుల్ నాబ్ మీద పాండురంగారావు గారి వేళ్లున్నాయి.

"కొంచెం పెంచండి బాబాయి గారూ" అంది పెర్సిస్. "ఇంకొంచెం. వద్దు, అది గుచ్చుతోంది. వెనక్కి. అదిగో, అక్కడ ఆపండి."

ఎడ్విన్‌కి ఏ తేడా తెలియలేదు. చరణం చివరిదాకా వాయించి ఆగాడు.

"ఎలా ఉంది?"

"బావుందండి."

"బావుంది అంటే నాకేం తెలుస్తుంది? సన్నతీగ ఎలా ఉంది?"

పెర్సిస్ కళ్లు మూసుకుంది. "మళ్లీ వాయించండి" అంది. అతను ఒక్క సన్నతీగనే మీటాడు. ఆమె ఆలోచించింది. "పైకెత్తిన చేపల గంప మీంచి నీటిచుక్క తెగి చెరువులో పడ్డట్టు. పడే ముందు చిన్నగా మెరిసి."

అతను కదలకుండా విన్నాడు. అది అతని బుర్రలో ఉన్న శబ్దమో కాదో తేల్చుకోవడానికి దారేమీ లేదు. ఆంప్లిఫయర్ తీసుకుంటానని పెద్దాయనకి చెప్పాడు. చెప్పిన మరుక్షణమే మళ్లీ అనుమానం వచ్చింది. ఇంకో తీగ మీదికి వేలు జరిపి, "మరి ఇది?" అన్నాడు.