కారణం అడగని సున్నా

గణాంకాల ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలక్క అనేవారు. ప్రతి నెలా కంపెనీలకు ఫోన్ చేసి, జీతాల పట్టీలో ఎంతమంది ఉన్నారు, కొత్తగా ఎందరు చేరారు, తమంతట తాము మానేసినవాళ్లెందరు, యాజమాన్యం తీసేసినవాళ్లెందరు, ఖాళీలెన్ని అని అడిగి రాసుకోవడం ఆమె పని. అన్ని కంపెనీల అంకెలూ కలిపిన మొత్తమే పేపర్లో వస్తుంది. ఏ ఒక్క కంపెనీ సంగతీ బయటికి పొక్కకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే అలా ప్రమాణం చేయించారు. అంతే, కట్టుకున్నవాడు అడిగినా పెదవి విప్పలేదు మహాతల్లి.

అంకె ఉన్నట్టుండి మారితే కారణం అడిగి తీరాలన్నది ఆమె పట్టుదల. "వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడానికి మనమెందుకమ్మా, చిలక చాలదూ?" అని కొత్తవాళ్లకు చివాట్లు పెట్టేది.

ఆ పొద్దున గాజు సీసాల ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఆమె తమ్ముడు అక్కడే కొలిమి దగ్గర పనిచేస్తాడు. ఆ సంగతి ఫ్యాక్టరీ అకౌంటెంటుకు తెలియదు. పనికీ చుట్టరికానికీ ముడిపెట్టడం ఇష్టంలేక ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"ఈ నెల మామూలే మేడమ్. వచ్చే నెల అంచనా దగ్గర మాత్రం సున్నా వేసుకోండి," అన్నాడు అకౌంటెంటు.

"సున్నానా?"

"సున్నానే. పట్టీలో ఒక్క పేరూ ఉండదు. శుక్రవారం దాకా ఎక్కడా అనకండి. ఇక్కడ పనివాళ్లకే ఇంకా తెలీదు."

ఇంకే కంపెనీ అయినా ఎందుకని నిలదీసేది. ఇక్కడ అడిగితే మూసేస్తున్నామంటాడేమోనని భయం. అడక్కపోతే మూసెయ్యరు కాబోలు! "సరేనండీ" అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళకు తమ్ముడే ఊడిపడ్డాడు. కోల్డ్ స్టోరేజీ వాళ్లు అతనికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఏ సంగతీ సాయంత్రంలోగా తేల్చాలన్నారు. మరదలికి ఎనిమిదో నెల నడుస్తోంది. బిడ్డ అడ్డం తిరిగాడని, ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. ఫ్యాక్టరీ ఇచ్చిన ఆస్పత్రి కార్డు మీదే కాన్పు జరగాలి. కొత్తచోట ఏడాది నిండితే గానీ కార్డు ఇవ్వరు.

"నేనైతే వద్దనేద్దామనుకుంటున్నానక్కా. ఈ సమయంలో కార్డు వదులుకుంటే ఎలా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఎప్పుడూ నన్ను మాట్లాడనిచ్చేదానివి కాదుగా!"

"సీసాల ఫ్యాక్టరీల్లో ఖాళీలు తగ్గుతున్నాయని మొన్న పేపర్లో వచ్చింది, చూశావా?"

"అది అన్ని ఫ్యాక్టరీల లెక్క. మా కొలిమి మండుతూనే ఉంది," అని నవ్వుతూ లేచాడు. "సరే, వద్దని చెప్పేస్తా."

చెబితే ప్రమాణం మంట కలుస్తుంది. చెప్పకపోతే కార్డూ పోయి, ఉద్యోగమూ పోయి, వీళ్లు నడివీధిన పడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అతను మెట్ల దాకా వెళ్లాక పరుగున పోయి చొక్కా పట్టుకుంది.

"కొత్తదాన్లో చేరిపోరా. ఇవాళే."

"ఎందుకక్కా?"

"వచ్చే నెల మీ పట్టీలో ఒక్క పేరూ ఉండదు. ఇంకేం అడక్కు."

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు. తమ్ముణ్ణి ఒడ్డున పడేశానని ఆమె కళ్లు తుడుచుకుంది.

పొద్దు వాలుతుండగా అకౌంటెంటే ఫోన్ చేశాడు.

"కారణం అడగలేదేంటి మేడమ్, నాకే ఆశ్చర్యమేసింది. రాసుకోండి. కంపెనీ పేరు మారుతోంది. పాత పేరు మీద సున్నా, కొత్త పేరు మీద అందరూ. మనుషులు వాళ్లే, కొలిమీ అదే."

ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాము లెక్కపెట్టేది కంపెనీ పట్టీనే గానీ మనుషుల్ని కాదని ఎందరికి నేర్పిందో! తన తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి ఆ బుర్ర ఏ గంగలో కలిసింది?

"మరి ఆస్పత్రి కార్డులు?"

"అవీ అలాగే ఉంటాయి. కానీ ఇక్కడ చిన్న గొడవైంది లెండి. కొలిమి కుర్రాడొకడు వచ్చి రాజీనామా ఇచ్చాడు. ఫ్యాక్టరీ మూసేస్తున్నారట, వాడికి తెలుసట! లేదురా నాయనా అని మొత్తుకున్నాం. మేనేజరుకి ఒళ్లు మండింది. ఈ పుకారు ఎవరు పుట్టించారో చెప్పు, కాగితం చించేస్తానన్నాడు. వాడు నోరు మెదపడే! భార్యకి నెలలు నిండుతున్నాయి, పాపం. గేటు దగ్గర కూలబడి ఉన్నాడు. మేనేజరు ఇంటికి వెళ్లేలోపు పేరు చెప్పకపోతే ఇంక నేను చెయ్యగలిగిందేం లేదు."

తన పేరు బయటపెట్టకుండా వాడు పెళ్లాం కాన్పునే పణం పెడుతున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నేళ్ల ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ అనుకుంది.

"అతను నా తమ్ముడండీ. ఆ మాట చెప్పింది నేనే."

"నేను మీకు చెప్పిన మాటేనా?"

"మీరు చెప్పిన మాటే. కారణం అడక్కుండా, మూసేస్తున్నారనుకుని నేనే చెప్పాను. తప్పంతా నాది. మేనేజరుగారికి నా పేరు చెప్పండి."

"మా ఆవిడకి చెప్పనివి కూడా మీకు చెప్పాను మేడమ్," అన్నాడతను. గొంతులో కోపం లేదు, అదే ఆమెను కోసేసింది. "కుర్రాణ్ణి లోపలికి పిలిపిస్తాను. కాగితం చింపించే పూచీ నాది. మీరు మాత్రం ఇక నాకు ఫోన్ చెయ్యకండి."

ఆమె ఫోన్ పెట్టి, కళ్లజోడు తీసి బల్ల మీద ఉంచి, ధైర్యం జారిపోకముందే లేచింది. పై అధికారి గది తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లి, ఆయన కూర్చోమనకముందే చెప్పడం మొదలుపెట్టింది.