వరండా పిల్ల సీటు

పొద్దున్నే కంప్యూటర్ ల్యాబు తాళం తీయగానే అటెండరు బాబాయి చేసే మొదటి పని, గది ఎంతుందో చూసుకోవడం. ఆ గది గుణమే అంత. పిల్లలు ఒకరి పని ఒకరు శ్రద్ధగా చూసుకున్న రోజు జానెడు పెరిగేది, పోట్లాడుకున్న రోజు ముడుచుకునేది. దానికి తగ్గట్టు బల్లలు జరిపి, "ఇవాళ కాస్త ఇరుకు, సర్దుకోండమ్మా" అనేవాడాయన. సర్దుకునేవారు.

ఆ వారం సర్దుకోవడానిక్కూడా చోటు లేకుండా పోయింది. అంతా ఆట చలవే. మంచి అలవాట్లతో ప్రోగ్రాము రాసేవాళ్లకి పాయింట్లిచ్చే ఆట తయారు చెయ్యమని మేడం చెప్పగానే పిల్లలు ఎగిరి గంతేశారు. తిండీ నిద్రా మరిచి చేసి, ముందు తమ మీదే ప్రయోగించుకున్నారు. రాసింది ఎప్పటికప్పుడు సేవ్ చేస్తే పాయింటు అన్నారు. వేళ్లు కనబడనంత వేగంగా టైపు చేసే కుర్రాడొకడున్నాడు, అందరూ మెరుపు అంటారు. వాడు కామా పెట్టినప్పుడల్లా సేవ్ చేసి అందర్నీ దాటేశాడు. ఇలా లాభం లేదని, తప్పు పట్టుకున్నవాళ్లకే పాయింట్లు అన్నారు. ఇంకేముంది, ఎవరి తప్పులు వాళ్లే పెట్టుకుని, వాళ్లే పట్టుకుని చంకలు గుద్దుకున్నారు. గది ముడుచుకుని ముడుచుకుని, మోచేతులు మోచేతులకి తగలడం మొదలైంది.

గది ఇలా ఇరుకవడం వరండా పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. ఆలస్యంగా చేరిన ఆ అమ్మాయికి లోపల సీటు లేదు. వరండాలో బల్ల మీద కూర్చుని కిటికీలోంచి పాఠం వినేది. శనివారం సాయంత్రానికి లోపల చోటు దొరక్కపోతే పేరు కొట్టేస్తామన్నారు ఆఫీసువాళ్లు. చదువు ఆగిందంటే మేనమామ షాపులో ఇస్త్రీ పెట్టె పట్టుకోవడమే. ఆ శనివారం రానే వచ్చింది.

మధ్యాహ్నం పెద్దక్క, అంటే కొన్నాళ్లు ఉద్యోగం చేసి మళ్లీ చదువుకొచ్చిన ఆవిడ, కిటికీలోంచి ల్యాప్‌టాప్ అందించింది. "చెల్లీ, చూసీ చూసీ మా కళ్లు మొద్దుబారాయి. నువ్వు ఆడి చెప్పు."

వరండా పిల్ల లోకం మరిచి ఆడింది. ఉన్నట్టుండి కేక పెట్టింది. "అక్కా, అబద్ధం చెప్పినా పాయింటిస్తోంది! ఏమీ పరీక్షించకుండానే పరీక్షించానని నొక్కాను, ఇచ్చేసింది."

అది మెరుపు రాసిన భాగం. వాడి మొహం జేవురించింది. "నిన్నెవరడిగారు?" అన్నాడు. గది ఇంకో అంగుళం ముడుచుకుంది.

"ఆట భలే ఉందన్నయ్యా, అందుకే చెప్పాను. నోరు మూసుకుంటే ఆ పాయింట్లు నాకే కదా!"

మెరుపు కిటికీలోంచి ల్యాప్‌టాప్ లాక్కున్నాడు. తనూ నొక్కి చూశాడు. ఇంకోసారి చూశాడు. చివరికి పకపకా నవ్వాడు. "ఓరి నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఏదీ, ఎక్కడ నొక్కావో చూపించు."

కిటికీ దగ్గర తలలన్నీ పోగయ్యాయి. "తప్పు చూపించినవాళ్లకీ పాయింటిద్దాం, దిద్దుకున్నవాళ్లకీ ఇద్దాం!" అని ఒకరు అరిచారు. "మూడోవాళ్లు ఆడి సరే అన్నాకే!" అని పెద్దక్క. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు, అయినా పని జరిగిపోతోంది. కిటికీలోంచి వంగి చూస్తున్నవాళ్లకి కాసేపటికి వంగే అవసరం లేకపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అంత తీరిక ఎవరికుంది?

సాయంత్రం గుమాస్తా పెన్ను పట్టుకుని వచ్చాడు. వరండా ఒక మనిషి పట్టేంత సన్నగా ఉంది. పక్కకి తిరిగి నడిచి గుమ్మం దగ్గరికొచ్చాడు. "లోపల సీటు లేనివాళ్లెవరు?"

అటెండరు బాబాయి గదంతా కలయజూశాడు. "ఎవరూ లేరండీ. అందరూ లోపలే ఉన్నారు."

గుమాస్తా తలూపి వెళ్లిపోయాడు. అప్పటిదాకా తలెత్తని వరండా పిల్ల అప్పుడు చూసుకుంది. కూర్చున్న బల్ల అదే. ఇందాక ముందున్న కిటికీ మాత్రం ఇప్పుడు తన వెనక ఉంది. సంతోషంతో ఆ పిల్లకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడుపు తర్వాత," అన్నాడు మెరుపు, ల్యాప్‌టాప్ ఆమె ముందుకి తోసి. "ముందు నేను దిద్దింది సరిగ్గా ఉందో లేదో చూడు."