ఉప్పు కుప్ప మీద టీ నీళ్లు

1987 ఏప్రిల్ 9, ఉదయం ఏడున్నర. చినగంజాం ఉప్పు మడుల దగ్గర పోలమ్మ ఉప్పు కుప్ప మీద సినిమావాళ్లు పన్నెండు బిందెల టీ నీళ్లు చల్లారు.

నేను ఒక వ్యూఫైండర్ని. కెమెరా పెట్టకముందు, దృశ్యం ఎంతవరకు పడుతుందో దర్శకుడు చూసుకునే జానెడు ఇత్తడి గొట్టాన్ని. మద్రాసులో ఒక లేత్ పనివాడు నన్ను చేశాడు. మొదట ఒక కెమెరామన్ దగ్గర ఉన్నాను. చూపు మందగించాక అతను నన్ను దర్శకుడు అనంతశయనానికి ఇచ్చాడు.

అనంతశయనం చిత్రకారుడు. సినిమాల్లోకి వచ్చాక కూడా ప్రతి షాటూ ముందు నీటిరంగుల్లో వేసేవాడు. తర్వాత లోకాన్ని ఆ బొమ్మకు సరిచేసేవాడు. చాలాసార్లు లోకం ఒప్పుకునేది.

ఆ రోజు బొమ్మలో కుప్ప గోధుమరంగులో ఉంది. ఎదురుగా ఉన్నది తెలుపు. తెల్లబట్టలు తెర మీద మెరవకుండా టీ నీళ్లలో ముంచడం సినిమావాళ్ల అలవాటు. ఉప్పుకూ అదే చేయమన్నాడు.

పోలమ్మ పరుగున వచ్చింది. అది ఆమె రెండు నెలల పంట. సాయంత్రం లారీ రావాలి.

"ఏందయ్యా, ఉప్పుకి టీ పోస్తన్నారా? పొద్దున్నించీ నాకే చుక్క పోసినోళ్లు లేరు."

"రంగే పెద్దమ్మా, కడిగితే పోద్ది" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్.

"కడిగితే ఉప్పూ పోద్ది నాయనా!"

అనంతశయనం నన్ను కంటి మీంచి తీయలేదు. "అమ్మా, కాస్త పక్కకి జరగండి. ఫ్రేములోకి వస్తున్నారు."

ఆమె జరిగింది. ఇక నాలో కనబడలేదు. ఏడుపు వినబడింది. ఆమెను బయట పెట్టిన అంచు నాది. ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

సాయంత్రం లారీ ఆ కుప్పను వదిలేసి వెళ్లింది.

షాటు తెర మీద పదకొండు సెకన్లుంది. సినిమాకు అవార్డు వచ్చింది. ఆ రంగు ఎలా వచ్చిందని విలేకరులు అడిగితే, "పొద్దుటి వెలుగు" అన్నాడు అనంతశయనం. అప్పుడు నేను ఆయన మెడలోనే ఉన్నాను.

మరుసటి ఏడు ఆయన చినగంజాం వెళ్లాడు. ఆ మడి వేరేవాళ్లు చేస్తున్నారు. పోలమ్మ ఎటు పోయిందో వాళ్లకు తెలియదు.

2011లో హైదరాబాదులో ఆయన సినిమాల ఉత్సవం జరిగింది. ఒకమ్మాయి మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఆయన ఈసారి నిజం చెప్పాడు. పోలమ్మ పేరు చెప్పాడు. ఆమె పంట పాడుచేశానన్నాడు.

హాలు చప్పట్లు కొట్టింది.

"సార్, డికాక్షన్ ఎంత చిక్కగా పెట్టారు?" అని వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.

ఆయన నన్ను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, వేదిక దిగి వెళ్లిపోయాడు. తిరిగి తీసుకోలేదు. నిర్వాహకులు నన్ను ఒక మ్యూజియానికి ఇచ్చారు. అద్దాల పెట్టెలో నా పక్కన చీటీ ఉంది. దాని మీద ఆయన పేరు, సినిమా పేరు, సంవత్సరం రాశారు.