నూటికి పదమూడు

ఆ కాలేజీ రాళ్ళ శాఖలో కొలిమక్క చేతికి లొంగని మంట లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని ఒకటే. రాళ్ళను పిండిలా నూరడం, చెప్పిన పాళ్ళలో కలపడం, వేలెడంత ప్లాటినం గొట్టంలో కూరి కొలిమిలో వేలాడదీయడం, టైము కాగానే టపుక్కున నీళ్ళలో పడేయడం. ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, పాపం అక్కడే ఉండిపోయింది. ప్రొఫెసర్ల దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ కొలిమక్కే.

ఎందుకీ నూరుడూ కాల్చుడూ అంటారా? భూమి అడుగున రాయి ఎలా కరుగుతుందో, చల్లారుతూ ఎలా గట్టిపడుతుందో చూడాలంటే అంత లోతుకు ఎవరూ పోలేరు. అందుకే పైన ఈ కొలిమి. వేడి గొట్టం నీళ్ళలో పడగానే, లోపల ద్రవంగా ఉన్నదంతా గాజైపోతుంది. అప్పటికే గట్టిపడ్డ స్ఫటికాలు స్ఫటికాలుగానే మిగులుతాయి. ఆ ముక్కను పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే గాజెంతో స్ఫటికమెంతో లెక్కపెట్టుకోవచ్చు.

ఇంత పని తెలిసిన మనిషి ఉద్యోగం మాత్రం ఇంకా అటెండరే. టెక్నీషియన్ కావాలంటే మౌఖిక పరీక్ష గట్టెక్కాలి. కొలిమక్క రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ తప్పింది. మూడోదే ఆఖరు అవకాశం. అదీ పోతే బయటినుంచి చదువుకున్నవాళ్ళెవరినో తెచ్చి కొలిమి అప్పగిస్తారు, ఈవిడను స్టోరుకు పంపుతారు. స్టోరులో పనేమిటంటే రాళ్ళ పెట్టెల మీద దుమ్ము దులపడం. తన కొలిమి దగ్గర ఇంకొకరు నిలబడతారన్న ఆలోచన వస్తే చాలు, కొలిమక్కకు ముద్ద దిగేది కాదు.

రెండుసార్లూ ఆవిడను దెబ్బకొట్టింది ఒకే బొమ్మ. దాన్ని ప్రావస్థా పటం అంటారు. పేరు వింటేనే సగం జ్వరం వస్తుంది. నిజానికి అందులో ఉన్నది నాలుగు గీతలు. ఎడమ అంచు పచ్చ ఖనిజానిది, కుడి అంచు తెల్ల ఖనిజానిది. ఎడమనుంచి కుడికి పోయేకొద్దీ తెల్లదాని వాటా సున్నా నుంచి నూరు దాకా పెరుగుతుంది, పైకి పోయేకొద్దీ వేడి. రెండు అంచుల పైనుంచి రెండు వంపు గీతలు దిగొచ్చి కింద ఒక చుక్క దగ్గర కలుస్తాయి. గీతల పైనంతా ద్రవం. గీత కిందికి దిగితే స్ఫటికాలు మొదలవుతాయి.

పరీక్ష మూడు వారాలుందనగా ఆ పటం నకలు చేతిలో పెట్టింది చిన్న మేడమ్. ఆ శాఖలో అందరికన్నా వయసులో చిన్న లెక్చరరు, తన ప్రయోగాలన్నీ కొలిమక్క చేతి మీదుగానే చేయించుకునే పిల్ల. కొలిమక్క దాన్ని తెచ్చి వంటింట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించింది.

"ఏమిటే ఇది, కరెంటు బిల్లు పెరిగిన లెక్కా?" అన్నాడు వాళ్ళాయన. ఆయనకూ ఆయన తమ్ముడికీ ఒక చిన్న వ్యానుంది. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోస్తారు.

"మీకన్నీ బిల్లుల్లాగే కనిపిస్తాయి. చూడండి, పచ్చది ఒక్కటే ఉంటే 1392 డిగ్రీలు పెట్టందే కరగదు. తెల్లదైతే 1553 దాకా మొండికేస్తుంది. రెండూ కలిపితే మాత్రం ఈ అడుగు చుక్క, 1274 దగ్గరే కరగడం మొదలెడతాయి. ఏ పాళ్ళలో కలిపినా సరే."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ పటం వంక చూశాడు. "పెళ్ళికి ముందు మా అమ్మ నన్ను మొండిఘటం అనేది. మీ అమ్మ నిన్నదే అనేది. ఇప్పుడు చూడు, ఎవరేమడిగినా ఇద్దరం కరిగిపోయి ఇచ్చేస్తున్నాం."

"ఇచ్చేది మీరు, తిట్లు తినేది నేను," అంది కానీ, నవ్వాపుకోలేకపోయింది.

అంతవరకూ బాగానే ఉంది. అదంతా ఇరవై రెండేళ్ళుగా కళ్ళారా చూస్తున్నదే. చిక్కంతా అడ్డగీత దగ్గర వచ్చింది. ఒక వేడి దగ్గర పటానికి అడ్డంగా గీత గీస్తే, దాని ఎడమ కొస ద్రవం వంపు గీతనూ కుడి కొస తెల్ల స్ఫటికం అంచునూ తాకుతాయి. మనం కలిపిన పొడి ఆ రెండు కొసల మధ్య ఎక్కడో చుక్కలా కూర్చుంటుంది. చుక్కనుంచి ఒక కొసకు దూరం పొడుగు, ఇంకో కొసకు పొట్టి. పొడుగున్న వైపు సరుకే ఎక్కువనుకుంది కొలిమక్క. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ అది సరిగ్గా తలకిందులు. రెండుసార్లూ ఆవిడ అక్కడే బోర్లాపడింది.

"తిరగేసి చదవాలి అక్కా, అంతే," అంది చిన్న మేడమ్.

"ఎందుకు తిరగేయాలి మేడమ్?"

"అది రూలు అక్కా. గుర్తుపెట్టుకో, చాలు."

"ఎందుకో తెలియకుండా తిరగేయడం నా వల్ల కాదు. కొలిమి దగ్గర అలా చేసుంటే ఈపాటికి ఈ బిల్డింగు ఉండేదా?" అంది కొలిమక్క. ఆవిడకదో జబ్బు. బుర్రకెక్కనిదాన్ని నోటికి ఎక్కించుకోలేదు. చిన్న మేడమ్ ఇంకో రకంగా చెప్పబోయింది కానీ, అందులోనూ చివరికి తిరగేయడమే మిగిలింది.

ఆ ఆదివారం అన్నదమ్ములిద్దరూ ఏదో అపార్ట్‌మెంటులో సామాను దించుతుంటే కొలిమక్క క్యారియరు పట్టుకెళ్ళింది. లిఫ్టు పాడైంది. మూడో అంతస్తు మెట్ల మీద ఒక పెద్ద వాషింగ్ మెషీన్ తాళ్ళతో బొంగుకు వేలాడుతోంది. ముందు కొస వాళ్ళాయన భుజం మీద, వెనక కొస మరిది భుజం మీద.

"అన్నయ్యా, తాడు జారి బరువంతా నా మీదికొచ్చేసింది. నీ వైపు జరుపు," అని మూలిగాడు మరిది.

"నీ దగ్గరికొస్తే నీదేరా ఎక్కువ వాటా. బరువు ఎవడికి దగ్గరగా ఉంటే వాడే ఎక్కువ మోస్తాడు. దూరంగా ఉన్నవాడు తేలిగ్గా పోతాడు. పదేళ్ళుగా మోస్తున్నావు, ఇంకా చెప్పాలా?"

కొలిమక్క మెట్ల మలుపులో టక్కున నిలబడిపోయింది. "అక్కడే ఆగండి! ఇద్దరూ కదలకండి!" అని ఒక్క కేక పెట్టింది.

పాము కనపడిందేమోనని ఇద్దరూ బిగుసుకుపోయారు. కొలిమక్క క్యారియరు కింద పెట్టి, తాడు కట్టిన చోటునుంచి మరిది భుజం దాకా మూరలు వేసింది. మూరెడే ఉంది. అటు తిరిగి వాళ్ళాయన భుజం దాకా వేసింది. నాలుగు మూరలు.

"వదినా, నీకు పుణ్యముంటుంది, దించనివ్వు! చచ్చిపోతున్నా!"

"ఉండవయ్యా! మొత్తం ఐదు మూరలు. నీ బరువు ఐదింట నాలుగు వంతులు, మీ అన్నది ఒక వంతు. ఆయన వైపు పొడుగుంది, అందుకే ఆయన వాటా తక్కువ! ఓరి దేవుడా, ఇంతేనా! పటంలో పొడి చుక్కే ఈ బరువు. రెండు కొసలూ మోసేవాళ్ళు. ఏ కొసకు దగ్గరగా ఉంటే ఆ సరుకే ఎక్కువ!"

"దీనికి పిచ్చెక్కింది," అన్నాడు వాళ్ళాయన.

ఆవిడకు మాత్రం ఆ మెట్ల మీదే గంతులేయాలనిపించింది. ఇన్నేళ్ళ చీకట్లో ఎవరో స్విచ్చి నొక్కినట్టయింది. ఆ సంతోషంలో అన్నదమ్ములకు క్యారియరు ఇవ్వడం మరిచి ఇంటికి మోసుకొచ్చేసింది. దానికి సాయంత్రం చీవాట్లు పడ్డాయి.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్షాధికారి వేరే ఊరి పెద్దమనిషి. సన్నగా రివటలా ఉన్నాడు, మాట చెవిని పడాలంటే ముందుకు వంగాలి. పక్కన శాఖాధిపతి పెద్దసారు, ఓ మూల చిన్న మేడమ్ కూర్చున్నారు. రెండు రోజుల ముందే పరీక్షాధికారి చెప్పిన ప్రకారం కొలిమక్క తెల్లది అరవై పాళ్ళు, పచ్చది నలభై పాళ్ళు కలిపి, మీటరు 1310 చూపిస్తుండగా రోజంతా కొలిమిలో ఉంచి, నీళ్ళలో పడేసి ఇచ్చింది. దాని పల్చని ముక్క ఇప్పుడు బల్ల మీద మైక్రోస్కోపు కింద ఉంది.

"దీనిలో స్ఫటికం ఎంతుండాలో పటం చూసి చెప్పమ్మా," అన్నాడు పరీక్షాధికారి.

కొలిమక్క 1310 దగ్గర అడ్డగీత గీసింది. ఎడమ కొస యాభై దగ్గర ద్రవాన్ని తాకింది. కుడి కొస నూరు. పొడిచుక్క అరవై. "ద్రవానికి పది దూరం, స్ఫటికానికి నలభై దూరం. చుక్క ద్రవానికి దగ్గర, కాబట్టి ద్రవమే ఎక్కువ మోస్తుంది సార్. ఐదింట నాలుగు వంతులు ద్రవం, ఒక వంతు స్ఫటికం. అంటే నూటికి ఇరవై."

మూలనుంచి చిన్న మేడమ్ ఊపిరి వదిలింది. పెద్దసారు తలూపాడు. అక్కడితో లేచి దణ్ణం పెట్టి బయటికొచ్చేస్తే కథ కంచికి పోయేది.

"లెక్క సరిగ్గా ఉంది," అన్నాడు పరీక్షాధికారి. "కానీ నేను పొద్దున కూర్చుని ఈ ముక్క మీద వెయ్యి చోట్ల గాజా స్ఫటికమా అని చూసి లెక్కపెట్టాను. స్ఫటికం నూటికి పదమూడే ఉంది. మరి తప్పు పటానిదా, నీదా?"

పెద్దసారు మొహం మాడిపోయింది. ఇదివరకు రెండుసార్లూ ఇలాంటి చోటే కొలిమక్క చేతులెత్తేసి, నాదే తప్పు సార్ అనేసింది. ఈసారి అలా అనలేదు. పెన్సిలు తీసుకుని పటం మీద వెనక్కి నడవడం మొదలెట్టింది. స్ఫటికం పదమూడే కావాలంటే ద్రవం కొస ఎక్కడుండాలి? యాభై నాలుగు దగ్గరుంటే చుక్కకు ఆరు దూరం, మొత్తం గీత నలభై ఆరు. ఆరు బై నలభై ఆరు అంటే నూటికి పదమూడు. యాభై నాలుగు దగ్గర వంపు గీత ఎంత ఎత్తులో ఉంది? వేలు జరుపుతూ పోయి ఆగింది. దగ్గర దగ్గర 1330.

అప్పుడర్థమైంది. కొలిమి లోపల మీటరు చెప్పినదానికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడుంది. వేడి కొలిచే తీగ పాతబడితే తక్కువ చెబుతుంది. అందుకే నెలకోసారి దానికి బంగారం పరీక్ష పెట్టాలి. వెంట్రుకంత బంగారు తీగను కొలిమిలో ఉంచి, దాని కొసలను బయట ఒక బల్బుకు తగిలిస్తారు. బంగారం ఎవరి మొహమూ చూడకుండా 1064 దగ్గరే కరుగుతుంది. తీగ తెగి బల్బు ఆరిన క్షణాన మీటరు ఎంత చూపిస్తుందో చూసుకోవాలి. ఆ పరీక్ష పెట్టడం ఎవరి పని? కొలిమక్కదే. పెట్టి రెండు నెలలైంది. మొదటి నెల వేసవి సెలవుల హడావిడి, రెండో నెల ఈ పటం చదువు.

చెప్పకుండా ఉండొచ్చు. పొడి కలపడంలో తేడా వచ్చిందేమో సార్ అంటే చాలు, ఆ పెద్దాయన నమ్మేవాడే. చెబితేనో, కొలిమి చూసుకోలేని మనిషికి కొలిమెలా ఇస్తామని తనే వాళ్ళ నోటికి మాటందించినట్టవుతుంది. కొలిమక్క ఒకసారి చిన్న మేడమ్ వంక చూసింది. ఆ పిల్ల రెండు నెలల ప్రయోగాలూ ఇదే కొలిమిలో జరిగాయి.

"పటం తప్పు కాదు సార్. రాయి తప్పూ కాదు," అంది. "కొలిమి 1310లో లేదు, 1330లో ఉంది. రాయి చూసిన వేడి అదే. మీటరు తక్కువ చెబుతోంది. బంగారం పరీక్ష నెలనెలా పెట్టాలి. రెండు నెలల్నుంచి నేను పెట్టలేదు. తప్పు నాది."

పెద్దసారు దగ్గాడు. చిన్న మేడమ్ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

పరీక్షాధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఇప్పుడు పెడదాం పదమ్మా," అని లేచాడు.

కొలిమి వేడెక్కడానికి మూడు గంటలు పట్టింది. నలుగురూ దాని చుట్టూ స్టూళ్ళేసుకుని కూర్చున్నారు. ఎవరో టీ తెచ్చారు. కొలిమక్క కప్పు చల్లారిపోయింది. వెయ్యి దాటింది. వెయ్యిన్నీ నలభై. నలభై ఐదు. మీటరు 1048 చూపిస్తుండగా బల్బు టప్పున ఆరిపోయింది.

"ఇక్కడే పదహారు తక్కువ," అన్నాడు పరీక్షాధికారి. "పైకి పోతే ఇరవై అవుతుంది. నువ్వు చెప్పిందే." తన కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి పెద్దసారుకిచ్చాడు. "పొరపాటు చేయని టెక్నీషియన్‌ను నేనింతవరకూ చూళ్ళేదు. రాయిని అడిగి తన పొరపాటు పట్టుకున్న మనిషిని ఇవాళే చూశాను. అయితే అమ్మా, ఇంకోసారి బంగారం మరిస్తే మాత్రం నేనే వచ్చి చెవి మెలేస్తా."

"అక్కా, నా రెండు నెలలు!" అంది చిన్న మేడమ్, ఏడుపూ నవ్వూ కలగలిపి.

"మీ ముక్కలన్నీ తెండి మేడమ్. ఒక్కొక్కటీ లెక్కపెట్టి అసలు వేడెంతో పటం మీద నేనే తీసిపెడతాను. ఏదీ వృథా పోదు."

పెద్దసారు అల్మారాలోంచి కొలిమి రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో ప్రతి పేజీ అడుగున టెక్నీషియన్ సంతకానికి ఒక గడి ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా పని కొలిమక్క చేస్తే ఆ గడిలో ఇంకెవరో సంతకం చేస్తూ వచ్చారు. "ఇక మీదట నువ్వే చెయ్యాలి," అన్నాడాయన.

కొలిమక్క చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, పెన్ను అందుకుంది. తేదీ వేసింది. గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా రాసింది: "బంగారం పరీక్ష రెండు నెలలు చేయలేదు. మీటరు పదహారు డిగ్రీలు తక్కువ చూపుతోంది. తీగ మార్చాలి. పొరపాటు నాది." దాని కింద, ఆ గడిలో, తన అసలు పేరు పూర్తిగా రాసి సంతకం చేసింది.