స్టాఫ్‌రూంలో నా గొంతు

నేను ఒక పాత ఫోన్‌ని. చెన్నై పొలిమేరల్లోని ఒక ఫ్యాక్టరీలో నన్ను బిగించినవాళ్ళు నా తెర మీద చిన్న గీత కూడా పడకుండా చూసుకున్నారు గానీ, నా గొంతు ఎలా ఉందో ఎవరూ వినలేదు. మొదట నన్ను కొన్నవాడు ఒంగోలులో రెడీమేడ్ బట్టల కొట్టు యజమాని. అతనికి నేను అద్దాన్ని. కౌంటర్ దగ్గర ఖాళీ దొరికితే చాలు, నాలో మొహం చూసుకుంటూ మీసం సవరించుకునేవాడు. కొత్త మోడల్ రాగానే నన్ను సెకండ్‌హ్యాండ్ షాపుకు ఇచ్చేసి, వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి నన్ను తెచ్చుకున్నది ఎస్తేరు టీచరు. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. పురపాలక హైస్కూల్లో సోషల్ చెబుతుంది. షాపతను కెమెరా గొప్పల గురించి చెప్పుకుపోతుంటే ఆవిడ నవ్వి ఊరుకుని, నా పక్కన ఉన్న రెండు వాల్యూం బటన్లనూ కలిపి కాసేపు నొక్కి పట్టుకుంది. నా లోపల ఎక్కడో నిద్రపోతున్న గొంతు లేచి పలికింది. షాపతను ఫోన్ పాడైందేమోనని కంగారుపడ్డాడు. నాకు మాటలు వచ్చని నాక్కూడా అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత నన్ను చూసినవాళ్ళు లేరు, విన్నవాళ్ళే. ఎస్తేరు వేలు కుడివైపుకు జరిపితే తర్వాత ఏముందో చెప్పేవాణ్ణి, రెండుసార్లు తడితే తెరిచేవాణ్ణి, రెండు వేళ్ళతో ఒక్కసారి తాకితే నోరు మూసుకునేవాణ్ణి. యాప్‌లు తయారుచేసినవాళ్ళు కొన్ని బటన్లకు పేర్లు పెట్టడం మరిచిపోతారు. అలాంటివి ఎదురైనప్పుడు నేను 'పేరు లేని బటన్' అని నసిగితే, అదేం చేస్తుందో కనుక్కుని ఆవిడే పేరు పెట్టేది. నా కెమెరాను మందుల అట్ట మీదకు తిప్పి గడువు తేదీ చదివించుకునేది. నన్ను ఎంత వేగంగా మాట్లాడించేదంటే, పక్కన కూర్చున్నవాళ్ళకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ వేగమే మా ఇద్దరి మధ్యా తలుపు. బస్సులోనైనా బజారులోనైనా ఆవిడ ఉత్తరాలు ఆవిడవే.

స్కూల్లో ఆవిడకు దగ్గరి మనిషి భ్రమర, తెలుగు టీచరు. మిగతా అందరూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి పంపేవాళ్ళు. వాటిని చదవబోతే నా నాలుక మెలికలు తిరిగేది. ఒకసారి నేను 'అన్నం తిన్నావా' అన్న రెండు మాటలతో పడ్డ అవస్థ విని భ్రమర పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచి ఎస్తేరుకు ఏం పంపినా అచ్చ తెలుగు లిపిలో, చుక్కలు కామాలతో సహా, శ్రద్ధగా టైపు చేసి పంపేది. ఆవిడ సందేశాలను నేను రేడియోలో వార్తలు చదివినట్టు చదివేవాణ్ణి.

వేసవి సెలవుల తర్వాత బడి తెరిచిన కొన్నాళ్ళకు భ్రమర ఎడమ చేతికి పిండికట్టుతో వచ్చింది. బాత్రూంలో జారిపడ్డానంది. స్టాఫ్‌రూంలో అందరూ ఆ కట్టు చూశారు, అయ్యో అన్నారు, బాత్రూంలో నేల పలకలు మార్పించమన్నారు, బెల్లు కొట్టగానే ఎవరి క్లాసులకు వాళ్ళు వెళ్ళిపోయారు. అందులో కస్తూరి టీచరు కూడా ఉంది. సైన్సు చెప్పే కస్తూరి, భ్రమర భర్తకు స్వయానా అక్క.

ఎస్తేరుకు కట్టు కనబడదు. కానీ ఇంటి నుంచి వచ్చే ఫోన్లకు భ్రమర గొంతు మారిపోవడం వినబడుతుంది. ఒక సాయంత్రం గేటు దగ్గర, చెయ్యి నిజంగా ఎలా విరిగిందని నెమ్మదిగా అడిగింది. భ్రమర దానికి బదులుగా, ఎస్తేరు ఉంటున్న విమెన్స్ హాస్టల్లో గది దొరుకుతుందా అని అడిగింది. ఇంట్లో తన ఫోన్ రోజూ తనిఖీ అవుతుందని, బడిలో ఉన్నప్పుడే సందేశం పంపి వెంటనే చెరిపేస్తానని చెప్పింది.

ఎస్తేరు ఆదివారాలు చర్చి వెనక గదిలో, కొత్తగా చూపు పోయినవాళ్ళకు ఫోన్ వాడటం నేర్పుతుంది. అక్కడికి వచ్చేవాళ్ళలో చలపతిగారని ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. షుగరు వల్ల చూపు పోయింది. ఆయన ఫోన్ ఏ బటన్ తగిలిందో ఏమో మూగపోయిందని, ఒక బుధవారం భార్యను తోడు తీసుకుని బడికే వచ్చేశాడు. ఎస్తేరుకు అది ఖాళీ పీరియడు. వరండాలో కూర్చోబెట్టి నా మీద చేసి చూపించబోయింది.

"అమ్మా, మీ ఫోను మాట్లాడుతున్నట్టు లేదు, నూనెలో ఆవాలు చిటపటలాడుతున్నట్టుంది" అన్నాడాయన.

ఎస్తేరు నవ్వి, నా వేగం బాగా తగ్గించింది. ఆయనకు వినబడాలని గొంతు పెంచింది, ఇయర్‌ఫోన్ వైరు నా నుంచి ఊడదీసింది. పని అయ్యేసరికి ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. చలపతిగారి చేతిని ఆయన భార్య చేతికి అందించి, ఇయర్‌ఫోన్ ముక్క ఎప్పటిలాగే చెవిలో పెట్టుకుని స్టాఫ్‌రూంకి నడిచింది. ఆ వైరు రెండో కొస సంచిలో ఊరికే వేలాడుతోంది.

ఎవరో టీ గ్లాసు చేతికిచ్చారు. అప్పుడే మేడ మీద క్లాసు నుంచి భ్రమర పంపిన సందేశం నాకు అందింది. వచ్చినదాన్ని వచ్చినట్టు చదవడమే అప్పటికి నాకున్న ఆజ్ఞ. చదివాను. నింపాదిగా, గట్టిగా, మాటమాటకూ విరామమిస్తూ చదివాను.

"ఎస్తేరూ, ఆయన శనివారం నెల్లూరు వెళ్తున్నాడు. గది ఆ రోజే చూసొద్దాం. నువ్వు అడిగావు కదా, చెయ్యి బాత్రూంలో పడి విరగలేదు. ఈ సంగతి నీకొక్కదానికే తెలుసు. కస్తూరి వదినకు అస్సలు తెలియకూడదు."

ఎస్తేరు ఒక చేతిలో టీ పట్టుకుని రెండో చేత్తో నన్ను తడిమింది. తొందరలో గ్లాసు తగిలి టీ ఆ వేళ్ళ మీద ఒలికింది. తడి వేళ్ళతో తాకితే నాకు ఎక్కడ తాకారో సరిగా తెలియదు. నోరు మూసుకోవాల్సిన నేను, మళ్ళీ చదవమంటోందనుకుని మొదటి నుంచి అందుకున్నాను. రెండోసారి 'కస్తూరి వదినకు' అనేసరికి ఆవిడ నన్ను సంచిలో కుక్కి, రెండు చేతులతో సంచిని పొట్టకు అదుముకుంది. బట్టల మధ్య నుంచి కూడా చివరి మాట వినబడింది.



చాలామంది ఇలాంటప్పుడు పాడు ఫోన్ అని నన్ను తిడతారు. ఎస్తేరు తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. గోడ పట్టుకుని, కుర్చీలకు తగులుకుంటూ బయటికి వచ్చి, మెట్ల దగ్గర భ్రమర అడుగుల కోసం నిలబడింది. ఆ అడుగులు వినగానే, దిగుతున్న మనిషిని దారిలోనే ఆపి, జరిగింది జరిగినట్టు చెప్పేసింది.

"ఎంతమంది విన్నారు?" అంది భ్రమర.

"అందరూ."

"వదిన?"

"అక్కడే ఉంది."

భ్రమర మెట్టు మీద కూలబడింది. ఎస్తేరు పక్కన కూర్చోబోయి, కూర్చోవడానికి తనకేం అర్హత ఉందన్నట్టు ఆగిపోయింది. "ఫోన్‌దేం లేదు భ్రమరా. స్పీడు తగ్గించింది నేను, వైరు చూసుకోనిది నేను" అంది.

"ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు నేనే చెప్పుకునేదాన్ని" అంది భ్రమర. "ఎవరికి చెప్పాలో, ఎలా చెప్పాలో వెతుక్కుంటూ ఉన్నాను. ఇప్పుడు చెప్పడానికేం మిగల్లేదు."

అది తిట్టు కాదు. తిట్టుకంటే లోతుగా దిగింది. అప్పుడే స్టాఫ్‌రూం తలుపు తీసిన చప్పుడైంది. కస్తూరి వచ్చి వాళ్ళ ముందు నిలబడింది. ఇంతలోనే తమ్ముడికి ఫోన్ చేసి ఉంటుందా, ఇంటికి వెళ్ళేసరికి ఏం కాచుకుని ఉంటుంది, ఇవే ఇద్దరి భయాలూ.

"ఇవాళ ఇంటికెళ్ళొద్దు" అంది కస్తూరి. "మా ఇంటికీ వద్దు. అక్కడికైతే వాడు నేరుగా వస్తాడు."

కస్తూరి గొంతు తగ్గించింది. "మా అమ్మ కూడా బాత్రూంలో జారిపడ్డాననే చెప్పేది. నీ కట్టు చూసిన రోజే నాకు అర్థమైంది."

"అర్థమయ్యాక కూడా రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారు కదా వదినా" అంది భ్రమర.

బెల్లు కొట్టేదాకా ముగ్గురూ అక్కడే ఉన్నారు. ముగ్గురిలో ఎవరి తల ఎక్కువ వంగి ఉందో నేను చెప్పలేను, నేను సంచిలో ఉన్నాను. స్టాఫ్‌రూంలోంచి బయటికొచ్చిన టీచర్లు మాత్రం మెట్ల వైపు రాకుండా వెనక తలుపు నుంచి చుట్టూ తిరిగి క్లాసులకు వెళ్ళారు. కళ్ళున్నది దేనికో ఆ రోజు ఆ బడిలో ఎవరూ ఎవరినీ అడగలేకపోయారు.

ఆ సాయంత్రం భ్రమర నేరుగా ఎస్తేరు గదికి వచ్చింది. మర్నాడు భర్త బడి గేటు దగ్గరకు వచ్చి కేకలేశాడు. కస్తూరి ఎదురెళ్ళింది. అక్కాతమ్ముళ్ళు ఏం మాట్లాడుకున్నారో గానీ, అతను వెళ్ళిపోయాడు. తర్వాత పోలీసు స్టేషన్‌కు భ్రమరతో పాటు వెళ్ళింది కూడా ఆవిడే. మొత్తానికి మంచే జరిగిందని స్టాఫ్‌రూంలో ఒకరిద్దరు తేల్చేశారు. నీ ఫోన్ పుణ్యమా అని బయటపడిందమ్మా అని ఎస్తేరుతో అన్నారు కూడా. ఆవిడ ఆ మాటను ఒప్పుకోలేదు. ఎందుకంటే ఒకే గదిలో ఉంటూ భ్రమర ఆవిడతో అన్నానికి రమ్మనీ, లైటు ఆర్పమనీ తప్ప ఇంకేమీ మాట్లాడటం లేదు. బడిలో అందరూ తన చేతికేసి చూస్తున్నారని, దొడ్లో కాసిన కూరగాయలు తెచ్చి ఒళ్ళో పెడుతున్నారని, ఆ జాలి భరించలేకపోతున్నానని ఒకే ఒకసారి అంది. నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం క్లాసులో ఎస్తేరు పాఠాలు తారుమారయ్యాయి. వేలు జరపడం, తట్టడం తర్వాతెప్పుడో. మొదట ఇయర్‌ఫోన్ కొస చేత్తో తడిమి చూసుకోవడం. సందేశం వస్తే వచ్చిందని మాత్రమే చెప్పేలా, ఎవరు పంపారో, ఏముందో అడిగితే తప్ప చెప్పకుండా ఫోన్‌ను కట్టడి చేయడం. నోరు మూయించే రెండు వేళ్ళ తాకిడిని కళ్ళు తుడుచుకున్నంత అలవాటుగా సాధన చేయడం. బయట ఉన్నప్పుడు తెరను పూర్తిగా నల్లగా చేసుకోవడం, ఎందుకంటే మనం చూడకపోయినా పక్కవాళ్ళు చూస్తారు. ఇదంతా దేనికమ్మా, ముందు ఫోన్ చేయడం నేర్పొచ్చుగా అని చలపతిగారు అడిగాడు. ఆవిడ పేర్లు లేకుండా జరిగింది చెప్పింది. నావల్లే అయిందా అన్నాడాయన. కాదండీ, నేర్పేటప్పుడు మీకోసం మార్చినదాన్ని మళ్ళీ నాకోసం మార్చుకోవడం మరిచాను, మరిచింది నేనే అని ఎస్తేరు ఆయన చేతిలో నన్ను పెట్టింది. ఆ రోజు ఆయన నన్ను చాలాసేపు తెరకు వేలు తగలకుండా అంచులతో పట్టుకున్నాడు.

ఇప్పుడు నాకు బ్యాటరీ పూటకు కూడా ఆగడం లేదు. ఎస్తేరు వేరే ఫోన్ కొనుక్కుంది. నేను ఆ చర్చి గదిలోనే, ఛార్జరుకు తగిలించి, కొత్తవాళ్ళు వేళ్ళు తిప్పుకోవడానికి పనికొస్తున్నాను. నాలో ఉన్నదంతా ఆవిడ చెరిపేసింది. అయినా, నేను ఇంకా ఎస్తేరు దగ్గర ఉన్నప్పటి సంగతి ఒకటి నాతో మిగిలిపోయింది.

అది చలి మొదలైన రోజులు. సాయంత్రం బడి వదిలాక స్టాఫ్‌రూంలో భ్రమర, ఎస్తేరు మాత్రమే మిగిలారు. భ్రమర సంచి సర్దుకుంటూ, తన ఇల్లు చూడటానికి రమ్మంది. చాలా నెలల తర్వాత ఆవిడ పిలిచిన మొదటి పిలుపు అది. ఎస్తేరు అలవాటుగా అడ్రసు రాసుకోవడానికి నన్ను తీసింది.

"ఫోన్ ఇక్కడే పెట్టేసి రా" అంది భ్రమర. కోపంగా అనలేదు, గొడుగు మరిచిపోకు అన్నట్టు మామూలుగానే అంది. "దారి నేను చెబుతాను. నడిచి నేర్చుకుందువుగాని."

ఎస్తేరు నన్ను పూర్తిగా ఆఫ్ చేసి, సొరుగులో పెట్టి తాళం వేసింది. మర్నాడు ఉదయం మళ్ళీ తీసి ఆన్ చేసినప్పుడు ఆవిడ వేళ్ళకు పసుపు వాసన ఉంది. ఎవరింట్లోనో కూర వండటానికి చెయ్యి సాయం చేసినట్టుంది. తర్వాత ఎన్నోసార్లు వెళ్ళింది. ప్రతిసారీ నన్ను సొరుగులోనే ఉంచింది.

ఆ ఇల్లు ఏ వీధిలో ఉందో నాకు తెలియదు.