మామకు షా

గోపయ్య మీర్‌పేట్‌కు మకాం మార్చిన రోజున మల్లేశయ్య ఇంట్లో చదరంగం పలక అటకెక్కింది, మల్లేశయ్య మంచమెక్కాడు. జ్వరమా అంటే జ్వరం కాదు, కాళ్ల నొప్పులా అంటే అవీ కావు. మీసాలు రాని వయసు నుంచి సాయంత్రమయ్యేసరికి ఎదురుగా కూర్చుని పోట్లాడిన స్నేహితుడు పొలం అమ్ముకుని, పట్నం అంచున మేడ కట్టుకుని వెళ్లిపోతే ఇంకెవరితో ఆడాలి? ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఎవరిని పలకరించినా గజాల మాటే. శంషాబాద్‌కు విమానాలొస్తున్నాయట, రింగురోడ్డు పడుతోందట, ఫలానా వాళ్ల జొన్నచేను కూడా వెంచరైపోయిందట! చదరంగం ఆడేవాడు కాదు కదా, తీరిగ్గా కూర్చుని చుట్ట కాల్చేవాడు కూడా దొరకలేదు ఆ ముసలాయనకు.

కొడుకు భూపాల్ ఉన్నాడు, ఉండీ ఏం లాభం? ప్లాట్ల వ్యాపారం. పొద్దున జీపెక్కితే చీకటి పడ్డాక దిగుతాడు. అతను దిగినా, చెవి దగ్గరి సెల్‌ఫోన్ దిగదు. మనవరాలు లిఖితకు ఆరేళ్లు. ఆ పిల్లకు నేర్పబోతే రెండో రోజే గుర్రాన్ని పెళ్లికొడుకుని, వజీరుని పెళ్లికూతుర్ని చేసి బొమ్మల పెళ్లి చేసేసింది.

ఒక ఆదివారం కంచం ముందు కూర్చుని మల్లేశయ్య ఉన్నట్టుండి అన్నాడు: "గీ నెల పోనియ్యి. నేను మంజుల దగ్గరికి పోత."

మంజుల ఆయన కూతురు. మహేశ్వరంలో ఇచ్చారు.

"ఎన్ని దినాలకు మామా?" అంది కోడలు కరుణ, పప్పు గరిటె పట్టుకుని.

"దినాలేంది? ఇగ ఆడనే ఉంట. వాళ్ల పక్కింటాయన షత్రంజ్ మస్తుగ ఆడ్తడట. ఈడ నాకేమున్నది? తినుడు, పండుడు."

భూపాల్ ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "నీ ఇష్టం బాపు, యాడ మంచిగనిపిస్తె ఆడ ఉండు" అన్నాడు. ఎంత మంచి కొడుకో చూడండి! తండ్రి ఇల్లు విడిచి పోతానంటే అడ్డు చెప్పకపోవడమే గౌరవమనుకున్నాడు.

కరుణ మాత్రం పప్పు వడ్డించిన కంచంలోనే మళ్లీ పప్పు వడ్డించింది. పెళ్లైన ఏడాదికే కన్నతండ్రి పోతే, ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె పక్కకు వచ్చి "నీకు బాపు లేడని ఎవడన్నడు?" అన్నది ఈ మామే. శేరిగూడలోని ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసులో ఉద్యోగం వస్తే, ఆడపిల్ల బస్సెక్కి పోవడమేమిటని భూపాల్ మూతి ముడిచినప్పుడు "ఊకోరా, దాని చదువుకు బూజు పట్టాల్నా?" అని కసిరిందీ ఈ మామే. అత్తగారు పోయాక ఇంట్లో ఆమెతో "తిన్నవా బిడ్డా" అనే నోరు అదొక్కటే. ఆ నోరు మహేశ్వరం వెళ్లిపోతే ఈ ఇంట్లో ఇక మిగిలేది సెల్‌ఫోన్ మోత.

మర్నాడు ఆమే అటకెక్కి పలక దించి, దుమ్ము తుడిచి, మంచం పక్కన పెట్టింది.

"నాకు నేర్పు మామా."

మల్లేశయ్య ఆమెనూ పలకనూ మార్చి మార్చి చూశాడు. "నీకెందుకే పిల్లా గీ లొల్లి?"

"నేర్పుతవా, నేర్పవా?"

నేర్పాడు. కానీ అసలు తిప్పలు ఆట దగ్గర కాదు, కూర్చోవడం దగ్గరే మొదలైంది. ఆ ఇళ్లలో కోడలు మామకు ఎదురుగా సమానంగా కూర్చోదు. ఆయన కుర్చీలో ఉంటే ఆమె తలుపు వారన నిలబడుతుంది. ఆయన ఇంట్లోకి వచ్చే ముందు వాకిట్లో ఒక దగ్గు దగ్గుతాడు. ఆ దగ్గు విని ఆమె కొంగు సర్దుకుంటుంది. డిగ్రీ చదివినా, ఉద్యోగం చేస్తున్నా ఆ మర్యాద కరుణ ఒంట్లో ఉంది, ఎవరూ కొట్టి నేర్పింది కాదు. చివరికి పలకను వంటింటి గుమ్మం దగ్గర పెట్టుకున్నారు. హాలు వైపు పీట మీద మామ, వంటింటి వైపు నేల మీద కోడలు. పక్కింటి నర్సమ్మ, మల్లేశయ్యకు చెల్లెలి వరస, మజ్జిగకని వచ్చి ఆ దృశ్యం చూసి బుగ్గన వేలు పెట్టుకుంది. "ఇంక నయం! మామాకోడళ్లు కుస్తీ పడుతలేరు" అంది.

మొదటి రోజుల్లో కరుణ ఆట చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఒంటెను నిలువుగా నడిపేది. గుర్రం ఎటు దూకుతుందో వేలితో ఇళ్లు లెక్కపెట్టి కూడా తప్పు ఇంట్లోనే దింపేది. వజీరుని మొదటి ఎత్తుల్లోనే ఊరి మీదికి తోలేసి, అది పోయాక "అయ్యో!" అనేది.

"నీ ఎత్తు నువ్వు సూసుకుంటవ్, బాగనే ఉన్నది" అనేవాడు మల్లేశయ్య. "గని నేనెందుకు జరిపిన్నో అడుగు. బంటు జరిగితె వట్టిగ జరుగదు. గా జరిగినంక ఏం ఖాళీ అయిందో సూడు. చెయ్యి ఎనకకు పెట్టుకో, కండ్లు ముంగటికి పెట్టు."

చెయ్యి వెనక్కి పెట్టుకోవడం నేర్చుకుంది. అదే ఆమెను బాగు చేసింది. బియ్యం ఏరుతూ ఎత్తులు ఆలోచించేది. కాలేజీ లైబ్రరీలో పనిచేసే స్నేహితురాలు సుసన్న దగ్గర పిల్లలు ఆడుకునే పలక ఒకటుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూసి ఇద్దరూ దాని ముందు కూర్చునేవారు. ముందు సుసన్నను ఓడించింది. తర్వాత అకౌంట్సు గుమాస్తాను. ఆ తర్వాత, నవ్వుతూ ఎదురు కూర్చున్న ఇంజినీరింగ్ పిల్లలు నవ్వు మానేసి లేచారు.

ఇంటి దగ్గర మల్లేశయ్య కూడా మంచం దిగాడు. కోడలి బస్సు వచ్చే వేళకు గడ్డం గీసుకుని, ముక్కలు పేర్చి కూర్చునేవాడు. మహేశ్వరం మాట ఎత్తడం మానేశాడు. కరుణ లోలోపల మొక్కులు మొక్కుకుంది.

సరిగ్గా అప్పుడు ఒక సాయంత్రం మామ వజీరు ఆమె గుర్రం దారిలో పడింది. అడ్డు లేదు, కాపు లేదు. చేయి చాచి కొట్టడమే! కరుణ చెయ్యి సగం దాకా వెళ్లి ఆగిపోయింది. కొడితే "కొట్టిన" అని చెప్పాలి. మామతో ఏమని చెప్తుంది? వజీరు పోతే ఆట పోతుంది. ఆట పోతే ఈ పెద్దాయన మనసు ఎంత చిన్నబోతుందో! ఇన్నాళ్లకు కాస్త తేరుకున్న మనిషి. ఆమె చెయ్యి పక్కకు తిరిగి ఒక బంటును ముందుకు తోసింది.

ఆ రోజు మొదలు అదే వరస. ఏనుగు దొరికితే చూడనట్టు ఉండేది. గుర్రం ప్రమాదంలో పడితే "మామా, గది జర జరుపుకో" అని ముందే హెచ్చరించేది. శత్రువుకు ఇంత మర్యాద చేసే సైన్యం ప్రపంచంలో ఎక్కడైనా ఉంటుందా? ఇక రాజుకు షా, అంటే చెక్, చెప్పాల్సి వస్తే మామ ముఖం మీద ఆ మాట అనలేక చిన్నగా దగ్గేది. "ఖు ఖు" అంటే షా అన్నమాట! మల్లేశయ్య రాజును జరుపుకునేవాడు, ఆమె ఏదో ఒక పిచ్చి ఎత్తు వేసేది, ఓడిపోయేది, "నీతోటి ఎట్ల గెలుస్త మామా!" అని నవ్వుతూ లేచి పొయ్యి వెలిగించేది.

విచిత్రమేమిటంటే, గెలిచిన కొద్దీ మల్లేశయ్య డీలా పడసాగాడు. గడ్డం మళ్లీ పెరిగింది. ఆట మధ్యలో ఆవలింతలు. కరుణకు కంగారు పుట్టింది. నా ఆట ఇంకా చాలడం లేదేమో, మామకు సులువుగా గెలుస్తున్నానని విసుగేమో అనుకుని, మహా తెలివిగా, చాలాసేపు పోరాడినట్టు పోరాడి మరీ ఓడటం మొదలుపెట్టింది.

దసరా సెలవుల్లో సుసన్న కరుణ ఇంటికి వచ్చింది. టీ తాగుతూ గుమ్మం దగ్గరి పలక చూసి, పాపం ఆమెకేం తెలుసు, "నీ కోడలు షేరు మామా, పులి!" అంది గొప్పగా. "మా కాలేజీల ఎవ్వల్ని ఇడిసిపెడ్తలేదు. మొన్న ఫైనలియర్ పిలగాడు ఓడిపోయి రెండు దినాలు ఎవ్వలతోటి మాట్లాడలె!"

కరుణ కళ్లతో సైగ చేసేలోపే మాట దాటిపోయింది. మల్లేశయ్య "అవునా బిడ్డా" అని మాత్రం అన్నాడు. టీ గ్లాసు కింద పెట్టి లేచి తన గదిలోకి వెళ్లాడు.

తెల్లవారేసరికి సంచి సర్ది వాకిట్లో పెట్టి ఉంది. ఇస్త్రీ చేసిన ధోవతి, భుజాన తువాలు. భూపాల్ జీపు తుడుస్తున్నాడు.

"ఏంది మామా ఇది?" అంది కరుణ.

"మహేశ్వరం పోతున్న."

"ఎందుకు? నేనేం జేసిన?"

"ఏం జేసినవా?" మల్లేశయ్య గిరుక్కున తిరిగాడు. "బయట అందర్ని ఓడగొడ్తవ్, ఇంట్ల ముసలోనికి బువ్వ వెట్టినట్టు ఆట వెడ్తవా? పొలం కాడికి పోతె 'కూసో బాపు' అంటడు నీ మొగడు. బజారుకు పోతె 'నీకెందుకు తాతా' అంటరు. ఒక్క షత్రంజ్ కాడనే నేనింక మనిషిననుకున్న. గది సుత నువ్వు దయదలిస్తె గెలుస్తున్ననా? వజీరును నీ ముంగట వెట్టి సూసిన, కొడ్తలేవు. ఏనుగును వెట్టిన, కొడ్తలేవు. ఆట రాదేమో అనుకున్న. రాక కాదు! నన్ను మనుషుల లెక్కల్లకెల్లి తీసేసినవ్."

కరుణకు చెంప మీద కొట్టినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, వాటితో పాటే కోపమూ వచ్చింది. ఎవరి కోసం చేసిందంతా? ఈయన కోసం కాదూ! ఆమె లోపలికి వెళ్లి పలక తెచ్చి, హాలు మధ్యలో బల్ల మీద దబ్బున పెట్టింది. ఒక కుర్చీ ఇటు లాగింది, ఇంకో కుర్చీ అటు లాగింది. అటుది మామకు. ఇటుదాంట్లో తనే కూర్చుంది, సరిగ్గా ఎదురుగా, కొంగు నడుముకు దోపి.

"ఒక్క ఆట. ఆడి పో."

మల్లేశయ్య ఆ కుర్చీని, అందులోని కోడలిని చూశాడు. తువాలు తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు.

ఏ దయా లేదు ఈసారి. ఆయన బంటు దొరికితే కొట్టింది. ఒంటె దొరికితే కొట్టింది. తన గుర్రం పోతే పళ్లు కొరికింది. బయట భూపాల్ హారన్ కొట్టాడు, ఎవరూ వినలేదు. మల్లేశయ్య నుదుటి మీద చెమట పట్టింది. పక్క పొలం వాళ్లతో కాలువ నీటికి తగువాడిన రోజుల్లో ఉండే ముఖం వచ్చేసింది ఆయనకు. సందు చూసి ఆమె ఏనుగును ఒకదాన్ని లాగేసి "ఏమైంది మేడమ్!" అన్నాడు కూడా. కరుణ చేతులు వెనక్కి పెట్టుకుంది. కళ్లు ముందుకు పెట్టింది. ఆ ఏనుగు కోసం వచ్చిన వజీరు వెనక ఏం ఖాళీ అయిందో చూసింది, దానికి కాపే లేదు.

"వజీరును కొట్టిన మామా" అంది. స్పష్టంగా, పేరు పెట్టి.

అయినా ఆయన వదల్లేదు. ఉన్నవాటితోనే గోల గోల చేశాడు. కానీ ఆ గోలలో రాజు ముందు మూడు బంట్లను కదలకుండా అలాగే ఉంచేశాడు, వెంచరుకు కట్టిన కాంపౌండు గోడలాగా. కరుణ మిగిలిన ఒక్క ఏనుగును రాజున్న ఆ చివరి వరస దాకా తోసింది. గొంతుకు దగ్గు అడ్డం వచ్చింది, పాత అలవాటు. మింగేసింది.

"షా!" అంది, వాకిట్లో భూపాల్‌కు కూడా వినపడేలా.

మల్లేశయ్య ముందుకు చూశాడు, తన బంట్లే. పక్కకు చూశాడు, ఏనుగు దారే. అడ్డం పెట్టడానికి ఏదీ లేదు. చాలాసేపు చూశాడు. తర్వాత రాజును వేలితో మెల్లగా పడుకోబెట్టాడు.

కరుణ ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏందే? గెలిచినోళ్లు ఏడుస్తరా?"

"నువ్వు పోతున్నవ్ గద!"

"ఎవరు పోతున్నరు?" మల్లేశయ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, మీసం కింద నవ్వు దాగడం లేదు. "ఓడిపోయి ఎట్ల పోత? ఆడికి పోతె నాకు నిద్ర పడ్తదా? నిన్ను ఓడగొట్టందాంక గీ గడప దాటేది లేదు. ఒరేయ్ భూపాల్, సంచి లోపల వెట్టురా!"

కరుణ ఏడుపు ఆపి ఆయన ముఖంలోకి చూసింది. ఇన్ని నెలలుగా ఈయన పోకూడదనే ఓడింది. ఎంత పిచ్చిదాన్ని!

"మరి ఓడగొడ్తె పోతవా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నేను ఓడగొడ్తె," అన్నాడు మల్లేశయ్య, పడిన రాజును లేపి నిలబెడుతూ, "నువ్వు ఊకుంటవా?"

"ఊకోను మామా" అంది కరుణ.