ఎవరిదా చెయ్యి

ప్రాణం మీదికొచ్చిన రోగులకు వైద్యం ఎలా చెయ్యాలో డాక్టర్లకూ నర్సులకూ మళ్ళీ కొత్తగా నేర్పే సదస్సు ఏటా జరుగుతుంది. రాకపోతే రిజిస్ట్రేషన్ పొడిగించరు కాబట్టి అందరూ వస్తారు. పొద్దున్నే సంతకం పెట్టి, వెనక వరసలో కునుకు తీసి, భోజనాలకి మాత్రం అందరికన్నా ముందు లేచేవాళ్ళని నేను స్టేజీ మీంచే కడిగేసేదాన్ని. ముక్కు మీద కోపం అని నాకు పేరు. ఆ పేరుతో నాకేం పేచీ లేదు. ఐసీయూలో నోరెత్తని నెమ్మదస్తులు కావలసినంతమంది ఉంటారు, వాళ్ళంతా మంచాల మీద ఉంటారు.

ఈసారి నన్ను పిలిచింది పాఠం చెప్పడానికి కాదు. రోగిగా మాట్లాడమన్నారు.

వానాకాలంలో నాకు న్యుమోనియా ముదిరింది. నేను పెద్ద డాక్టరుగా ఉన్న ఐసీయూలోనే, నేను తయారు చేసిన చిన్న డాక్టరు చేతుల మీదుగానే నా గొంతులో గొట్టం వేశారు. వెంటిలేటర్ మీద మత్తులో గడిచిన రోజుల్లో నాకు గుర్తున్నవి రెండే. మొదటిది, నా మంచం పక్కన చిన్న డాక్టరు అడిగిన ప్రశ్న.

"మేడం తరఫున ఎవరికి చెప్పాలి?"

"తమ్ముడుగారున్నారు, వేరే ఊళ్ళో. ఇక్కడైతే ఎవరూ లేరు" అని ఎవరో జవాబు చెప్పారు.

మత్తులో ఉన్నవాళ్ళకి ఏమీ వినపడదనుకుని మావాళ్ళు ఆడే మాటలవి. అలా మాట్లాడొద్దని ఏళ్ళ తరబడి నెత్తీ నోరూ కొట్టుకున్నదాన్ని, ఆ రోజు కిక్కురుమనకుండా విన్నాను.

రెండోది చెయ్యి. నా కుడి అరచేతిలో ఎవరిదో చెయ్యి ఉండేది. మెత్తగా, వెచ్చగా ఉండేది. నేను పట్టుకుంటే తిరిగి పట్టుకునేది కాదు, అలాగని విడిపించుకునేదీ కాదు. అలారం మోగితే మావాళ్ళు ఎవరి చెయ్యినైనా వదిలేసి పరుగెత్తుతారు, పరుగెత్తాలి కూడా. ఆ చెయ్యి మాత్రం ఎన్ని అలారాలు మోగినా నన్ను వదల్లేదు. నావాళ్ళెవరో వచ్చి కూర్చున్నారని ఆ మత్తులోనే తేల్చేసుకున్నాను. బతకాలని అంతకుముందు అంత గట్టిగా ఎప్పుడూ అనుకోలేదు.

బతికాను. ఇంటికొచ్చాను. ఇంట్లో రెండు గదులు, నేను వెళ్ళేటప్పుడు సింకులో వదిలేసిన కాఫీ కప్పు, దాని నిండా బూజు. పెళ్ళి ఊసెత్తినప్పుడల్లా డ్యూటీ ఉందని తప్పించుకున్నాను, చివరికి డ్యూటీ ఒక్కటే మిగిలింది. కూర్చున్నా పడుకున్నా ఆ చెయ్యే గుర్తొచ్చేది. అది ఎవరిదో తెలిస్తే చాలు, నాకూ ఒక మనిషున్నారని చెప్పుకోవచ్చు అనిపించేది.

ముందు తమ్ముడికే ఫోన్ చేశాను.

"వచ్చానక్కా. కానీ నేనొచ్చేసరికి చూసే టైం అయిపోయిందన్నారు. అద్దంలోంచి చూసి వెళ్ళిపోయాను."

"మర్నాడు రావచ్చుగా?"

"నీ మరదలికి ఒంట్లో బాలేదు. అయినా అక్కడ నువ్వు మహారాణివి కదా, అందరూ చూసుకుంటారులే అనుకున్నాం."

నేనే పెట్టిన రూలు అది. చూసే టైం దాటితే కన్నతల్లినైనా లోపలికి రానివ్వొద్దని గుమ్మం దగ్గర బోర్డు రాయించింది నేనే. ఇంక వాణ్ణేమనను.

తర్వాత చిన్న డాక్టర్ని అడిగాను. "డ్రిప్పులు చూసుకునేసరికే తెల్లారిపోయేది మేడం" అన్నాడు. మిగతావాళ్ళని అడగడానికి మొహమాటం వేసింది. జీవితమంతా జనాన్ని అదిలించినదాన్ని, నా చెయ్యి ఎవరు పట్టుకున్నారర్రా అని ఏ మొహం పెట్టుకుని అడగను? అలాంటప్పుడు ఈ సదస్సు కబురొచ్చింది. మా ఐసీయూ వాళ్ళంతా వస్తారు. స్టేజీ మీంచి ఆ చెయ్యి సంగతి చెప్తే, దాని తాలూకు మనిషి లేచి నిలబడకపోతారా అని గంపెడాశతో ఒప్పుకున్నాను.

చెప్పాను. రోగి పక్కన నిలబడి ఏం మాట్లాడకూడదో చెప్పాను, వెలుతురు ఎంత బాధపెడుతుందో చెప్పాను. చివర్న చెయ్యి గురించి చెప్పి, "ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. నాకు వాళ్ళని చూడాలనుంది" అన్నాను. వెనక వరసలో నిద్రపోయేవాళ్ళు కూడా కళ్ళు తెరిచారు. ఎవరూ లేవలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది, దగ్గులాగా సర్దుకుని కిందికి దిగాను.

భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని ఒక్కదాన్నే నిలబడి ఉంటే మా హెడ్ సిస్టర్ వచ్చింది. రోజుకొక్కసారైనా మాటా మాటా అనుకోకపోతే ఆవిడకీ నాకూ తోచదు.

"అది నేనేలెండి మేడం" అంది, గిన్నెలోంచి నా ప్లేట్లోకి కూర వడ్డిస్తూ.

"నువ్వా? మరి పొద్దున అందరిలో చెప్పలేదేం?"

"అంతమందిలో ఏం చెప్తాను, సిగ్గేసింది."

"అలారం మోగినా కదిలేదానివి కాదే."

"మిమ్మల్ని వదిలి ఎలా కదుల్తానండీ."

అలారం మోగుతుంటే కదలని నర్సుని మామూలుగా అయితే అక్కడే ఉతికి ఆరేసేదాన్ని. ఆ రోజు కడుపు నిండిపోయింది. ఏం తిన్నానో గుర్తులేదు. నావాళ్ళెవరో దొరికారు, ఇన్నేళ్ళూ పక్కనే ఉన్నారు, నేనే చూసుకోలేదు అనుకున్నాను. ఆదివారాలు ఆవిణ్ణి ఇంటికి పిలవాలనీ, రెండో కుర్చీ కొనాలనీ కూడా అనుకున్నాను.

మధ్యాహ్నం రోగిని మంచం మీద ఎలా పడుకోబెట్టాలో చేసి చూపించే క్లాసు. రోగి బదులు పడుకోబెట్టిన బొమ్మ మోచెయ్యి వంగట్లేదని, క్లాసు చెప్పే ఫిజియోథెరపిస్టు అవస్థ పడుతున్నాడు. అసలు రోగిని నేనుండగా బొమ్మెందుకని హుషారుగా వెళ్ళి మంచమెక్కాను. అందరూ నవ్వారు. సామాన్ల ట్రే పట్టుకుని ఫిజియో పక్కన నిలబడింది మా సిస్టరే.

కళ్ళు మూసుకోమన్నాడు. మోకాళ్ళ కింద దిండు పెట్టాడు, మడమలు పరుపుకి తగలకుండా ఎత్తాడు. రోగి ఒళ్ళు చల్లబడకుండా వాడే వేడిగాలి దుప్పటి కప్పి మిషను ఆన్ చేశాడు. "ఇప్పుడు చేతులు. అలా వదిలేస్తే వేళ్ళు ముడుచుకుపోతాయి. అందుకని ఇది పెడతాం" అంటూ నా కుడి అరచేతిలో ఏదో పెట్టి, దాని చుట్టూ నా వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

మెత్తగా ఉంది. దుప్పటి కింద వేడికి నెమ్మదిగా వెచ్చబడింది. నేను నొక్కాను. తిరిగి నొక్కలేదు, విడిపించుకోనూ లేదు.

ఆ చెయ్యి ఇదే.

చుట్టి టేపు వేసిన గుడ్డ. పెట్టమని నేనే ఎన్నోసార్లు కేసు షీట్ల మీద రాసిన గుడ్డ. పెట్టడం మర్చిపోతే సిస్టర్ని నిలబెట్టి దులిపేసిన గుడ్డ.

కళ్ళు తెరిచాను. సిస్టర్ నావైపు చూడటం లేదు, ట్రేలో మిగిలిన చుట్టలు అటూ ఇటూ సర్దుతోంది. ఆవిడకి తెలుసు. పొద్దున నేను స్టేజీ మీద మాట్లాడుతున్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది. హాల్లో చాలామందికి తెలిసే ఉంటుంది, అందుకే ఎవరూ లేవలేదు.

"ఇబ్బందిగా ఏమైనా ఉందా మేడం?" అన్నాడు ఫిజియో.

"లేదు. కానివ్వండి" అన్నాను.

క్లాసు అయింది. సర్టిఫికెట్లు ఇస్తున్నారంటే అందరూ హాల్లోకి పరుగెత్తారు. నేను లేవలేదు. సిస్టర్ తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. మంచం పక్కన కూర్చుని, నా వేళ్ళు విడదీసి ఆ గుడ్డ తీసేసి, తన చెయ్యి పెట్టింది. చల్లటి చెయ్యి. రోజంతా కడిగి కడిగి గరుకెక్కిన చెయ్యి. గట్టిగా పట్టుకుంది.

"అప్పుడు కూర్చోవాల్సింది మేడం. ఆరు మంచాలకి ఇద్దరమే ఉన్నాం" అంది.

"పర్లేదు. ఇప్పుడు కూర్చున్నావుగా. ఇంకేం కావాలి" అన్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు ఆ గుడ్డే కావాలనిపించింది.